కొత్త కాంక్రీటు మీద బీటలు, మచ్చలు: సిమెంటును అనుమానించే ముందు

గేటు నుంచి పోర్టికో దాకా కారు కోసం కాంక్రీటు పోయించుకున్నవాళ్లు మర్నాడు చూసి కంగారుపడేవి రెండే. ఒకటి వెంట్రుకల్లాంటి బీటలు, రెండోది అక్కడక్కడా రంగు తేడా. వెంటనే అందరూ అనే మాట కూడా ఒక్కటే, "సిమెంటు కల్తీది". నేను సైట్ల మీద పనిచేసేవాణ్ని కాబట్టి చుట్టాలు ఫోటోలు పంపి ఇదే అడుగుతుంటారు. నూటికి తొంభై కేసుల్లో తప్పు సిమెంటుది కాదని నా నమ్మకం. కాంక్రీటు పోసిన మొదటి నాలుగైదు గంటల్లో నీళ్ల విషయంలో ఏం జరిగిందో అడిగితే చాలు, సగం జవాబు దొరుకుతుంది.

కాంక్రీటు పోసి సర్దాక లోపలి నీరు కొంత మెల్లగా పైకి తేలుతుంది. అది తేలే వేగం కంటే ఎండకీ గాలికీ ఆరిపోయే వేగం ఎక్కువైతే పై పొర ముందే ముడుచుకుంటుంది, కింద ఇంకా పచ్చిగానే ఉంటుంది, ఆ లాగుడుకి పైన చీలుతుంది. చదరపు మీటరుకి గంటకి ఒక కిలో నీరు ఆవిరైపోయే పరిస్థితి ఉంటే బీటలకి సిద్ధపడాల్సిందేనని ఇంజినీర్లు లెక్క వేసుకుంటారు. మే నెలలో విజయవాడలో, గుంటూరులో వడగాలి కొట్టే మధ్యాహ్నం పోస్తే ఇది దాటడం పెద్ద కష్టమేం కాదు. వాతావరణం 40 డిగ్రీలు దాటితే కాంక్రీటు పనికి ప్రత్యేక జాగ్రత్తలు కావాలని మన ఐఎస్ 7861లోనే (భారత ప్రమాణాల పుస్తకం) ఉంది, ఇంటి ముందు పనికి మాత్రం దాన్నెవరూ పట్టించుకోరు. ఎండ ఒక్కటే కాదు, గాలి కూడా అంతే ముఖ్యం, చలికాలంలో కూడా పొడిగాలి వీచే రోజున ఇవే బీటలు వస్తాయి.

మా బాబాయి అడిగాడు, "మరి పొద్దున్నించీ నీళ్లు కొడుతూనే ఉన్నాంగా రా?" అని. పోసింది ముందురోజు మధ్యాహ్నం. నీళ్లు కొట్టడం మొదలయ్యేసరికే బీటలు పడిపోయాయి బాబాయ్ అని చెప్పాల్సి వచ్చింది. బీటలు రాకూడదంటే చేయాల్సింది ఇదీ: సాయంత్రం చల్లబడ్డాక పోయడం, పోసేముందు కింది మొరాన్ని బాగా తడపడం (లేకపోతే అది అడుగునుంచి నీరు పీల్చేస్తుంది), సర్దిన వెంటనే ప్లాస్టిక్ షీటు కప్పడం, గట్టిపడగానే తడి గోనెసంచులు పరచడం. అంతే. ఆ తర్వాత రోజులు కూడా లెక్కే: ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీకి (బూడిదలాంటివి కలపని సిమెంటు) కనీసం 7 రోజులు, వేడి పొడి వాతావరణంలో 10 రోజులు, పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) లాంటివైతే 14 రోజుల దాకా తడి ఉంచడం మంచిది. ఇప్పుడు ఇళ్లకి వాడేది చాలావరకు పీపీసీయే, మరి మూడు రోజులకే పైపు చుట్టి పక్కన పెట్టేస్తే ఎలా?

ఇంకో రకం బీటలు సాలెగూడులా సన్నగా అల్లుకుంటాయి, లోతు రెండు మూడు మిల్లీమీటర్లు మించదు. నున్నగా రావాలని పైన పొడి సిమెంటు చల్లి, తేలిన నీళ్లతోనే తాపీతో రుద్ది రుద్ది మెరుగు పెట్టినచోట ఇవి ఎక్కువ. అసలు కారు ఎక్కే చోట నునుపు ఎందుకు, వానకి టైరూ జారుతుంది, కాలూ జారుతుంది. చీపురుతో అడ్డంగా గీతలు లాగించండి చాలు.

జాయింట్లు కోయించని చోట వచ్చేది మూడో రకం. నాలుగంగుళాల మందానికి ఎనిమిది నుంచి పది అడుగులకో జాయింటు, అంగుళం లోతున, అదే రోజో మర్నాడు పొద్దున్నో కట్టర్‌తో కోయాలి. మనం కోయకపోతే కాంక్రీటే తనకి నచ్చినచోట చీలుతుంది, సాధారణంగా పోర్టికో స్తంభం మూల దగ్గర మొదలవుతుంది.

రంగు సంగతి వేరు. ఒక మిల్లర్‌లో (కాంక్రీటు కలిపే యంత్రం) రెండు బకెట్ల నీళ్లు ఎక్కువ పోస్తే ఆ భాగం తెల్లగా తేలుతుంది, తాపీ గట్టిగా తిప్పినచోట నల్లబడుతుంది. బస్తాకి పాతిక లీటర్లు, అదీ ఇసుకలో ఉన్న తడితో కలిపి, అని కొలత పెట్టుకుంటే ఈ తేడా చాలా తగ్గుతుంది, బలం కూడా పెరుగుతుంది. సగంలో సిమెంటు బ్రాండు మార్చినా గీత గీసినట్టు కనపడుతుంది. ప్లాస్టిక్ షీటు ముడతలు పడి, కొంత తగిలి కొంత తేలి ఉంటే ఆ ముడతల అచ్చు కాంక్రీటు మీద మిగిలిపోతుంది, అందుకే షీటు బిగువుగా పరచాలి. వరిగడ్డి కప్పితే పసుపు మరకలు రావచ్చు, బోరు నీళ్లలో ఇనుము ఉంటే తుప్పు రంగు. కోస్తాలో స్లాగ్ సిమెంటు (ఉక్కు కర్మాగారాల చిట్టెం కలిపింది) వాడినవాళ్లు మొదట్లో నీలం, ఆకుపచ్చ కలిసిన ఛాయ చూసి భయపడతారు. అది స్లాగ్ లక్షణం, గాలి తగిలేకొద్దీ తగ్గిపోతుంది. తెల్లగా పొడిలా పూసేది సిమెంటులోని సున్నమే. నీటితో పైకొచ్చి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి అలా మిగులుతుంది. పొడి బ్రష్‌తో రుద్దండి, ఓ వానాకాలం గడవనివ్వండి.

దయచేసి బాత్రూం యాసిడ్ పోయకండి. అది తెలుపుతోపాటు పైనున్న సిమెంటునీ తినేసి కంకర బయటపెడుతుంది, మచ్చలు ఇంకా ఎక్కువవుతాయి. బీటలు కనపడకుండా సిమెంటు పాలు పూయించడం కూడా డబ్బు దండగే, ఆ పల్చటి పొర కారు తిరిగే కొద్దీ పొరలుపొరలుగా లేస్తుంది.

సన్న బీటల వల్ల బలానికి ఢోకా లేదు, మేస్త్రి కూలి ఆపాల్సినంత నేరం కూడా కాదు. ఒకటి మాత్రం చూడండి. బీటకి అటుపక్క ఇటుపక్క వేలు పెడితే ఎత్తు తేడా తెలుస్తోందా? నెలనెలా వెడల్పు పెరుగుతోందా? అయితే కింద నింపిన మట్టి సరిగ్గా దిమ్మిస కొట్టక కుంగుతోందని అర్థం. అప్పుడు పైన ఏం పూసినా లాభం లేదు, ఆ పలక వరకు పగలగొట్టి, మట్టి తడిపి గట్టిగా కూర్చోబెట్టి మళ్లీ పోయించాలి.