ఒకే వీధి, పొద్దున్నించి రాత్రిదాకా

వీధి ఫొటోల కోసం కొత్త ఊరు వెళ్తే ఊరంతా చుట్టబెట్టాలనిపిస్తుంది. అలా తిరిగితే చూసినవి బోలెడు ఉంటాయి, పనికొచ్చే ఫ్రేములు కొన్నే. అందుకే ఈ ప్రయాణంలో ఒక్క వీధినే పట్టుకున్నాను. మ్యాప్‌లో వెతికి తూర్పు పడమరలుగా సాగే వీధిని ఎంచుకున్నాను. ఉదయం, సాయంత్రం సూర్యుడు వీధి చివర కిందుగా ఉంటాడు (ఋతువును బట్టి కాస్త పక్కకు జరిగి), ఎండ వీధి పొడవునా పాకుతుంది. పొద్దున తూర్పుకు తిరిగితే మనుషులు నల్లటి ఆకారాలుగా కనిపిస్తారు. పడమరకు తిరిగితే ఎదురొచ్చేవాళ్ల ముఖాలమీద అదే ఎండ పడుతుంది. ఉత్తర దక్షిణ వీధుల్లో పొద్దుటి ఎండ ఒకవైపు మేడల పై అంతస్తులకే అందుతుంది. నేలకు దిగేసరికి పొద్దెక్కిపోతుంది.

సంచిలో ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్ము సైజు సెన్సరున్న) కెమెరా బాడీ, జూమ్ లేని 28 మి.మీ. వెడల్పు లెన్సు, అదనంగా రెండు బ్యాటరీలు, రెండు కార్డులు, మెత్తటి గుడ్డ, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు. జూమ్ ఉంటే దూరంగానే ఆగిపోతాం. ఒకే లెన్సు వాడుతుంటే, ఎక్కడ నిలబడితే ఫ్రేములో ఎంత పడుతుందో కెమెరా ఎత్తకముందే తెలుస్తుంది. ప్లాస్టిక్ కవరు ఏసీ గది కోసం. చల్లబడ్డ లెన్సును ఒక్కసారిగా ఉక్కపోతలోకి తెస్తే గాజుమీద తేమ పట్టేస్తుంది, తుడిచినా మళ్లీ పడుతుంది. గదిలోనే కెమెరాను కవరులో మూసి బయటికి తెస్తే తేమ కవరుమీద పడుతుంది. లోపలి కెమెరా బయటి వేడికి అలవాటు పడేదాకా, అంటే అరగంట దాకా, కవరు తెరవకూడదు. తెల్లవారకముందే గది వదలడానికి ఇదీ ఒక కారణమే.

సూర్యుడు 15 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు మనిషి నీడ మనిషికి దాదాపు నాలుగింతలు ఉంటుంది. 45 డిగ్రీలకు వచ్చేసరికి మనిషంతే. ఆ రెండింటి మధ్య సమయమే ఉదయపు పని. తూర్పుకు తిరిగి తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ (కెమెరా పట్టే వెలుగు) ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించాను. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే నల్లటి మనుషుల్ని వెలిగించాలని చూస్తుంది, ఆకాశం తెల్లగా కాలిపోతుంది. కాలిపోయిన తెలుపును తర్వాత ఏం చేసినా రాబట్టలేం. నీడలో దాగినది మాత్రం రా ఫైల్లో, అంటే సెన్సరు పట్టిన ముడి సమాచారంలో, చాలావరకు తిరిగొస్తుంది.

మేడల మధ్య సందులోంచి ఎండ ఒక చీలికగా నేలమీద పడే చోటు ఆ వీధిలో ఒకటి దొరికింది. ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ ఆ వెలుగుకే కట్టేసి, గోడ పక్కన నిలబడి, అందులో అడుగుపెట్టేవాళ్ల కోసం చూశాను. ఆ చీలిక నిలకడగా ఉండదు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు కాబట్టి అది కూడా కదులుతూ సన్నబడిపోతుంది. ఫ్రేమును మాటిమాటికీ సరిచూసుకోవాలి. చోటును ముందు ఖాయం చేసుకుని మనిషి కోసం ఆగడం పాత పద్ధతే. 1932లో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసోఁ పారిస్‌లో సాఁ లజార్ స్టేషన్ వెనక నీటిగుంటమీద దూకుతున్న మనిషిని పలకల కంచె సందులోంచి తీశాడు. సందులో పలక అడ్డొచ్చిన మేరను ప్రింటులో కత్తిరించాల్సి వచ్చింది.

మధ్యాహ్నం వీధి కిక్కిరిసిపోయింది. ఇక్కడ ఆటోఫోకస్‌ను నమ్ముకుంటే అది మనకు కావాల్సిన ముఖాన్ని వదిలేసి అడ్డొచ్చిన భుజాన్ని పట్టుకుంటుంది. ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చి 2.5 మీటర్ల దగ్గర పెట్టాను, అపర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) ఎఫ్8. ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది, స్పష్టంగా వచ్చే మేర పెరుగుతుంది. 28 మి.మీ. లెన్సుతో ఇలా పెడితే సుమారు 1.4 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. అదే 35 మి.మీ. లెన్సయితే 1.7 నుంచి 5 మీటర్లే. వీధి పనికి 28 నాకు నచ్చడం ఇందుకే. షట్టర్ 1/500 సెకను. మనిషి నడుస్తున్నాడు, మనమూ నడుస్తున్నాం, 1/125లో కాళ్లు చేతులు చెదిరిపోతాయి. ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) ఆటోలో పెట్టి గరిష్ఠం 6400 దగ్గర ఆపాను, ఎండలోంచి నీడలోకి తిరిగినప్పుడు సర్దుకోవాల్సింది అదొక్కటే. 2.5 మీటర్లు ఎంతో కంటికి అలవాటు కావాలంటే ఆ దూరంలో ఉన్న స్తంభాన్నో తలుపునో చూస్తూ అంచనా వేసి, తర్వాత లెన్సుతో సరిచూసుకోవాలి. అంచనా కుదిరాక కెమెరాను కంటికి ఎత్తి నొక్కి దించడం ఒక్క క్షణం పని.

కెమెరా దాచి తీయను. నడుము దగ్గర పట్టుకుని దొంగచాటుగా తీస్తే ఫ్రేము వంకరపోతుంది, చూసినవాళ్లకు అనుమానమూ వస్తుంది. ఎత్తి తీసి, కళ్లు కలిస్తే తల ఊపి, అడిగితే స్క్రీన్ చూపించాను. వద్దన్న చోట వాళ్ల ఎదుటే చెరిపేశాను. పిల్లల్ని తీయాలంటే ముందు వాళ్ల పెద్దవాళ్లను అడుగుతాను. బహిరంగ స్థలంలో ఫొటో తీయడం గురించి, దాన్ని ప్రచురించడం గురించి చట్టాలు దేశానికో రకంగా ఉంటాయి. వెళ్లేముందు ఆ రెండూ విడివిడిగా చదువుకోవాలి.

సాయంత్రం జల్లు పడింది. చూరు కింద నిలబడితే కెమెరా తడవదు, రోడ్డుమీది తడిలో దీపాల ప్రతిబింబాలు ఎదురుగానే ఉంటాయి. లెన్సు ముందు తొడిగే హుడ్ తప్పనిసరి. ముందు గాజుమీద ఒక్క చినుకు పడినా దీపం ఉన్నచోట మసక మచ్చ వస్తుంది, చిన్న స్క్రీన్‌మీద అది కనిపించదు. తడిసిన కిటికీ అద్దాల గుండా అమెరికన్ ఫొటోగ్రాఫర్ సాల్ లైటర్ తీసిన రంగుల ఫొటోలు చూసినవాళ్లెవరూ వానకు కెమెరా సర్దేయరు.

రాత్రి చిక్కు వేరు. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు గానీ 1/500లో ఒక ఫ్రేము వెలుగుగా, పక్కది చీకటిగా వస్తుంది, ఎలక్ట్రానిక్ షట్టరయితే (సెన్సరును వరుసలవారీగా చదివేది) అడ్డ చారలు కూడా పడతాయి. మెకానికల్ షట్టర్, 1/100 పెడితే పోతాయి (60 హెర్ట్జ్ దేశాల్లో 1/120). ఆ వేగంలో నడిచేవాళ్లు చెదురుతారు. పైగా అపర్చర్ ఎఫ్2.8కి తెరవాల్సి వస్తుంది, దాంతో 2.5 మీటర్ల ఫోకస్‌కు స్పష్టంగా వచ్చే మేర 2 నుంచి 3.4 మీటర్లకు కుదించుకుపోతుంది. కాబట్టి రాత్రిపూట ఆగి ఉన్నవాళ్లనే ఎంచుకున్నాను: ఫోన్ చూసుకుంటున్నవాళ్లు, దుకాణం షట్టర్ దించుతూ తాళం వేసేవాళ్లు. ఫోన్‌తో తీసేవాళ్లు నైట్ మోడ్ ఆపేయడం మంచిది. అది కొన్ని ఫ్రేములను కలిపి ఒకటి చేస్తుంది, కదిలిన మనిషి అందులో కరిగిపోతాడు.

గదికి రాగానే కార్డులను రెండు డిస్కుల్లోకి ఎక్కించి, అవి తెరుచుకుంటున్నాయని చూశాకే నిద్ర. ఎంపిక మాత్రం ఆ రాత్రి చేయలేదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ తీసిన ఫిల్ము రోల్స్‌ను నెలల తరబడి కడగకుండా (డెవలప్ చేయకుండా) పక్కన పెట్టేవాడు, తీసినప్పటి సంబరం చల్లారితేనే ఫొటోను ఫొటోగా చూడగలమని. 1984లో ఆయన చనిపోయేనాటికి కడగని రోల్సే దాదాపు 2,500 మిగిలాయి. అంత దూరం వెళ్లనక్కర్లేదు, కొన్ని వారాలు చాలు. ముందు చిన్న సైజులో చూస్తాను, ఆ సైజులో ఆకారం నిలవని ఫ్రేము పెద్దదైతే నిలబడదు.

ఆన్‌లైన్‌లో పెట్టే కాపీ పొడవువైపు 2048 పిక్సెళ్లు, రంగులు ఎస్ఆర్‌జీబీ (మామూలు తెరలకు సరిపోయే రంగుల ప్రమాణం). అంతకన్నా విశాలమైన అడోబ్ ఆర్‌జీబీలో వదిలేస్తే కొన్ని తెరలమీద చర్మపు రంగు పాలిపోయి కనిపిస్తుంది. ఫైల్లో దాగి ఉండే జీపీఎస్ (తీసిన చోటు) వివరాలు తీసేస్తాను, ఇళ్ల ముందు తీసినవి ఉంటే మరీ ముఖ్యం. శీర్షికలో ఊరు, నెల, సంవత్సరం చాలు. చూపులేనివారి కోసం రాసే వివరణలో మాత్రం ఎవరు ఎటు చూస్తున్నారు, వెలుగు ఎటునుంచి వస్తోంది అన్నది కూడా రాస్తాను.