పైన ఫ్యాను చూడమ్మా

జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా 11 ఏళ్లు చేశాను. నాట్లు మొదలయ్యాయంటే మాకు పాముకాటు కేసులు మొదలైనట్టే. కరిచిన పామును ప్రాణంతోనే పెయింట్ డబ్బాలో వేసి తెచ్చి నా టేబుల్ మీద పెట్టినవాళ్లున్నారు. పామును చూపిస్తేనే మందు ఇస్తారని వాళ్ల నమ్మకం. అక్కర్లేదండీ. మనకు దొరికే యాంటీ వీనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ ఒకటే. పామును వెతికే టైములో మనిషిని తీసుకురండి.

ఇన్నేళ్లలో నన్ను బాగా కుదిపేసింది మాత్రం కడుపునొప్పని వచ్చిన ఒక అమ్మాయి.

తెల్లవారుజామున 4.30. వాళ్లమ్మ ఆటోలో తీసుకొచ్చింది. పిల్లకి 20 ఏళ్లు కూడా ఉండవు. "రాత్రి పునుగులు తిందండి, గ్యాస్ పట్టేసినట్టుంది. ఓ ఇంజెక్షన్ చేసి పంపించండి సిస్టర్ గారూ" అంది తల్లి. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. పిల్ల నిద్రమత్తులో ఉన్నట్టుంది. ఆ వేళప్పుడు ఎవరికైనా నిద్రే కదా అనుకుని నేనూ గ్యాస్ ఇంజెక్షనే లోడ్ చేస్తున్నాను.

డ్యూటీ డాక్టరు గారు "పైన ఫ్యాను చూడమ్మా" అన్నారు. ఆ పిల్ల తలంతా వెనక్కి వాల్చింది. కనుబొమలు లేచాయి, నుదురు ముడతలు పడింది. రెప్పలు మాత్రం సగంలోనే ఆగిపోయాయి. "రాత్రి ఎక్కడ పడుకున్నావు?" అంటే "కింద, చాప మీద" అంది. మాట ముద్దగా వచ్చింది. చేతిలో సిరంజి ట్రేలో పెట్టేశాను.

కట్లపాము రాత్రిళ్లే తిరుగుతుంది. కాటేసినా నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి చీమ కుట్టిందనుకుని పక్కకి తిరిగి పడుకుంటారు. గాజు ట్యూబులో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాం. చక్కగా గడ్డకట్టింది. అదే రక్తపింజర అయితే గడ్డకట్టదు. కట్లపాము విషం నరాలను పడేస్తుంది, రెప్పలు వాలేది అందుకే. ఆ కడుపునొప్పీ దాని పనే.

యాంటీ వీనమ్ 10 వయల్స్ సెలైన్‌లో కలిపి, అది ఒంటికి పడకపోతే ఇవ్వడానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ దగ్గర పెట్టుకుని ఎక్కించడం మొదలుపెట్టాం. అది ఎక్కుతుండగానే ఊపిరి ఆగింది. డాక్టరు గారు ఊపిరి కోసం గొంతులోకి ట్యూబ్ వేశారు. వెంటిలేటర్ సర్దేదాకా చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగ్ నేనే నొక్కాను. కళ్లు మూతపడిపోయాయి, వేలు కూడా కదలడం లేదు. వెనక నుంచి ఎవరో "ఇంకేముంది, అయిపోయింది" అన్నారు.

నేను చెవి దగ్గరికి వంగి, "అమ్మ బయటే ఉంది తల్లీ. ఊపిరి నేను ఇస్తున్నాను, భయపడకు" అంటూ నొక్కుతూనే ఉన్నాను. ఆ రోజు మా చిన్నదానికి స్కూల్లో లెక్కల పరీక్ష. ఏం మాట్లాడాలో తోచక అది కూడా చెప్పాను.

మూడో రోజు రెప్పలు కొంచెం లేచాయట. ఐదో రోజు ట్యూబ్ తీశారని తెలిసి ఐసీయూకి వెళ్లాను. "ఎలా ఉన్నావు తల్లీ?" అన్నానో లేదో, గొంతు గుర్తుపట్టి నా వైపు తిరిగింది.

"సిస్టర్, మీ పాప లెక్కల పరీక్ష బాగా రాసిందా?"

మంచం కడ్డీ పట్టుకుని నిలబడిపోయాను. అన్నీ వినపడ్డాయట. "అయిపోయింది" అన్న మాట కూడా. అది విన్నాక, మళ్లీ నేను మాట్లాడేదాకా ఉన్న ఆ కాసేపే చాలా భయమేసిందట. ఆ తర్వాత మా క్యాజువాలిటీలో పేషెంటు పక్కన ఎవరినీ అలాంటి మాట అననివ్వలేదు.

డిశ్చార్జి రోజు తల్లిని పక్కకి పిలిచి, ఇక నేల మీద పడుకోవద్దనీ, దోమతెర అంచులు పరుపు కిందికి దోపమనీ చెప్పాను.

"మంచం నిన్ననే కొన్నానండి" అంది.