ఊరూరా తిరిగిన స్లిమ్ డస్టీ
కంట్రీ పాటల (పల్లె బతుకుల పాటల) గాయకుడు స్లిమ్ డస్టీ అంటే ఇక్కడ ఆస్ట్రేలియాలో పెద్దవాళ్లకు ప్రాణం. అసలు పేరు డేవిడ్ గోర్డన్ కిర్క్‌పాట్రిక్, 1927లో కెంప్సీలో పుట్టాడు, పాడి పశువుల మధ్య పెరిగి పదేళ్లకే పాట కట్టి, పదకొండేళ్లకు ఈ పేరు తనే పెట్టేసుకున్నాడు! 1957లో బీరు దొరకని పబ్ మీద పాడిన పాటకు, బాగా అమ్ముడైన రికార్డులకు ఇచ్చే గోల్డ్ రికార్డ్ వచ్చింది, ఒక ఆస్ట్రేలియన్‌కు అది దక్కడం అదే మొదటిసారి.

మొన్న కంట్రీ పాటలకు పేరున్న టామ్‌వర్త్ ఊరికి వెళ్తూ దారంతా ఈయన పాటలే పెట్టాను, మా అబ్బాయి గొడవ చేసినా మార్చలేదు. నాకు హిట్ల కన్నా ఆయన తిరుగుడే నచ్చింది. 1954 నుంచి భార్య జాయ్ మెకీన్‌తో కలిసి మారుమూల ఊళ్లు, చిన్న చిన్న హాళ్లు, మన సురభి వాళ్లలా కుటుంబంతో సహా రోడ్డు మీదే బతుకు. లారీ డ్రైవర్లు, పశువులు తోలేవాళ్లు, వాళ్ల కథలు వాళ్లకే పాడాడు. అందులో కొన్ని మంచి పాటలు జాయ్ రాసినవే, 1973లో టామ్‌వర్త్‌లో మొదటి గోల్డెన్ గిటార్ (కంట్రీ పాటల అవార్డు) ఆమె రాసిన లారీ పాటకే వచ్చింది, అయినా ఆమె పేరు పెద్దగా ఎవరూ ఎత్తరు, అదే నాకు చిరాకు.

2003లో పోయాడు, ఆల్బమ్‌లు వందకు పైనే. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ముగింపులో గిటార్ పట్టుకుని ఆయన పాడిన వీడియో ఉంది, వీలైతే చూడండి.