1878 మోర్గాన్ డాలర్: ముందు తోక ఈకలు లెక్కపెట్టండి

1878 మోర్గాన్ డాలర్ అనే అమెరికా వెండి నాణెం చేతికొస్తే గ్రేడు (నాణెం ఎంత బాగా నిలిచిందో చెప్పే అంకె) సంగతి కాసేపు పక్కన పెట్టండి. బొరుసు తిప్పి గద్ద తోక చూడండి. ఆ ఒక్క ఏడాదిలో ఫిలడెల్ఫియా టంకశాల ఈ డాలర్‌ను నాలుగు రకాలుగా ముద్రించింది. ఏ రకమో తేలకుండా ధర మాట్లాడితే నష్టపోయేది మనమే.

ఆ ఏడాది ఫిబ్రవరి 28న ప్రభుత్వం వెండి కొని డాలర్లు ముద్రించాలనే బ్లాండ్-అలిసన్ చట్టం వచ్చింది, మార్చి 11కల్లా ముద్రణ మొదలైంది. జార్జ్ టి. మోర్గాన్ చెక్కిన మొదటి నమూనాలో తోకకు 8 ఈకలు. తర్వాత వాటిని 7 చేశారు. అప్పటికే తయారైన 8 ఈకల అచ్చులు కొన్నింటిని పారేయకుండా వాటి మీదే 7 ఈకల బొమ్మ ఒత్తారు. దాన్నే '7/8' అంటారు. 10ఎక్స్ భూతద్దం కింద 7 ఈకల చివర్ల దిగువన పాత ఈకల మొనలు సన్నగా పొడుచుకొచ్చి కనిపిస్తాయి. అవి ఎన్ని ఎక్కువుంటే, ఎంత స్పష్టంగా ఉంటే అంత గిరాకీ. బాగా అరిగిన నాణెంలో ముందు పోయేవీ అవే కాబట్టి, కనబడలేదని వెంటనే మామూలు 7 అని తేల్చేయకండి. దీపాన్ని పక్కవాటుగా పెట్టి ఇంకోసారి చూడండి.

శుభ్రంగా 7 ఈకలే ఉంటే చూపు గద్ద కాలిలోని బాణాల మీదికి మళ్లించాలి. పై బాణం ఈక బాణపు కర్రకు సమాంతరంగా ఉండి, గద్ద రొమ్ము చదునుగా ఉంటే '1878 బొరుసు'. ఈక ఏటవాలుగా, రొమ్ము గుండ్రంగా ఉంటే '1879 బొరుసు' (మరుసటి ఏడాది నాణేల మీదా ఉన్న రూపం). ఈ లెక్కంతా మింట్ (టంకశాల) గుర్తు లేని ఫిలడెల్ఫియా నాణేలకే. దండ ముడి కింద, 'డాలర్' అన్న మాటకు పైన 'ఎస్' గానీ 'సీసీ' గానీ ఉంటే అది శాన్ ఫ్రాన్సిస్కోదో కార్సన్ సిటీదో. 8 ఈకల రకం అక్కడ వెతకక్కర్లేదు.

అసలుదేనా అన్నదానికి తూకం మొదటి పరీక్ష: 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, 90 శాతం వెండి. మన విక్టోరియా రూపాయి 11.66 గ్రాములు కాబట్టి, రూపాయికి అలవాటుపడ్డ చేతికి ఇది రెండింతలకు మించి బరువు తగలాలి. అయస్కాంతానికి అంటుకుంటే ఇక చూడక్కర్లేదు.

గ్రేడులో ఎక్కువమంది తడబడేది అరుగుదలకూ బలహీనమైన ముద్రకూ మధ్య. బొమ్మ వైపు లిబర్టీ దేవత చెవి మీది జుట్టుకు సరిగ్గా వెనకే గద్ద రొమ్ము ఉంటుంది. ఒత్తిడి చాలకపోతే లోహం రెండు వైపులా నిండదు, రెండుచోట్లా చదునుగా మిగిలిపోతుంది. తర్వాతి ఏళ్లలో వచ్చిన న్యూ ఓర్లీన్స్ 'ఓ' గుర్తు నాణేల్లో ఇది మరీ ఎక్కువ. ఒకే దీపం కింద నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పండి. వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతూ ఆ చదును మీదుగా కూడా తెగకుండా సాగితే అది ముద్ర లోపం, నాణెం ఎంఎస్-60కి (అరగని నాణేల గ్రేడు మొదలయ్యే అంకె) పైనే ఉండొచ్చు. చెవి పైన, చెంప మీద వెలుగు తెగి బూడిదరంగు మచ్చగా ఆగిపోతే అరుగుదల, ఏయూ-58 (కొద్దిగా అరిగిన నాణేల్లో పై గ్రేడు) దాటదు. చెంప మీది చిన్న నొక్కులు వేరే సంగతి: వెయ్యేసి నాణేల సంచుల్లో ఒకదానికొకటి తగిలి పడ్డవి అవి. ఎంఎస్ గ్రేడులోనే అంకెను తగ్గిస్తాయి గానీ నాణేన్ని అరిగినదాని కింద జమకట్టవు.

విభూది, చింతపండు, టూత్‌పేస్టు వెండి గ్లాసులకు సరే, వీటికి మాత్రం వద్దు. ఆ తిరిగే మెరుపు ఉండేది ముద్రించేటప్పుడు లోహం పారిన సన్నటి గీతల్లో. రుద్దితే అవే పోతాయి, వాటి బదులు వెంట్రుకల్లాంటి గీతలు ఒకే దిక్కుగా పడతాయి. పీవీసీ కవర్ల వల్ల పచ్చటి జిగురు పట్టి ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి తీసి, తుడవకుండా ఆరనివ్వండి. గోళ్ల రంగు తీసే ద్రవంలో ఇంకేవో కలిసి ఉంటాయి, అది వాడకండి.