నడుం దగ్గర నల్ల పెచ్చు

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో కాపురం పెట్టి పద్నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళలో క్రిస్మస్‌కి ఊరెళ్ళింది రెండే రెండు సార్లు. డిసెంబర్ టికెట్ల ధర చూస్తే గుండె జారిపోయేది. 2024లో మాత్రం ఎంతైనా సరే అనుకున్నాను. నాన్న పోయాక వచ్చిన మొదటి క్రిస్మస్ అది. అమ్మ ఒక్కతే నక్షత్రం కట్టించుకోవడం నేను ఊహించలేకపోయాను. బాబుకి బడి సెలవులు ఇచ్చాక ఆయనా వాడూ 21న వచ్చేట్టు, నేను ముందే వెళ్ళేట్టు అనుకున్నాం.

గుంటూరుకి పాతిక కిలోమీటర్ల దూరం మా ఊరు. 3వ తేదీన దిగాను. 5న అమ్మా నేనూ సమాధుల దొడ్డికి వెళ్ళాం. వానలకి గడ్డి నడుమెత్తున పెరిగిపోయింది. నాన్న సమాధి మీద సిలువ కొస తప్ప ఏమీ కనబడలేదు. కూలీని పెడదామని తమ్ముడు ఫోన్లో చెబుతూనే ఉన్నాడు, నేను ఒప్పుకోలేదు. చెప్పులు పక్కన విడిచి, గడ్డిలోనే చతికిలబడి, రెండు గంటలు నా చేతుల్తో పీకాను. తర్వాత సున్నం వేశాం. ఒంటి మీద ఏదీ కుట్టినట్టు కూడా అనిపించలేదు.

ఆ తర్వాతి వారం ఇల్లంతా నెయ్యి, బెల్లప్పాకం వాసన. అరిసెలు అమ్మ వేయిస్తుంటే నేను చెక్కల మధ్య పెట్టి నూనె వత్తాను. 15న సెమీ క్రిస్మస్ ఆరాధనలో కూర్చున్నదాన్ని ఉన్నట్టుండి వణికిపోయాను. ఇంటికొచ్చి చూస్తే 102.

"విమానంలో తగిలుంటుంది" అంది మరదలు. "నీళ్ళు పడలేదులే" అంది పక్కింటి పిన్ని. మర్నాడు దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్ళాడు తమ్ముడు. డెంగీ లేదన్నారు. వైడాల్ పరీక్ష చూసి టైఫాయిడ్ అన్నారు. పూటకో ఇంజెక్షన్ చొప్పున ఐదు రోజులు పొడిచారు. జ్వరం 104కి పోయింది. కళ్ళు ఎర్రగా చింతనిప్పులు. తల దిండు మీద ఆన్చలేను, ఎత్తలేను.

19 రాత్రి క్యారల్స్ వాళ్ళొచ్చారు. చిన్నప్పుడు వాళ్ళ కోసం నిద్రాపుకుని, వాకిట్లో మొదటి డోలక్ దెబ్బ వినపడగానే పరుగెత్తేదాన్ని. ఆ రాత్రి ఆ దెబ్బ ఒక్కొక్కటీ కళ్ళ వెనక పడుతుంటే, ఎప్పుడు వెళ్తారా అని దుప్పటి కప్పుకుని ఏడ్చాను. అమ్మ వాళ్ళకి అరిసెలు, చందా ఇచ్చి పంపి, లోపలికొచ్చి నా అరికాళ్ళు పట్టుకుని కూర్చుంది.

ఆయనా బాబూ వచ్చేసరికి ఆయాసం కూడా మొదలైంది. బాబు గడప దగ్గరే నిలబడిపోయాడు.

22 పొద్దున అమ్మ వేణ్ణీళ్ళు, గుడ్డ తెచ్చి తలుపేసింది. ఒళ్ళు తుడుస్తానంది. ముప్పై తొమ్మిదేళ్ళ దాన్ని, సిగ్గేసింది, వద్దన్నాను. వినలేదు. మా నానమ్మ గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సు. అన్నా కుగ్లర్ డాక్టరమ్మ 1898లో తెరిచిన ఆ ఆసుపత్రి గురించి నానమ్మ చెప్పని రోజుండేది కాదు. పిల్లకి జ్వరమొస్తే బట్టలన్నీ విప్పి తల నుంచి కాలి దాకా చూడమని కోడలికి నేర్పింది ఆవిడే. అమ్మ అలాగే చూసింది. ఎడమ వైపు నడుం కింద, బొందు కట్టుకునే చోట, గుడ్డ ఆగింది.

"ఇదేంటే?"

మినపగింజంత నల్లటి పెచ్చు. చుట్టూ ఎర్రటి అంచు. అగరుబత్తి కొస ఆన్చి తీసేసినట్టుంది. నొప్పి లేదు, దురద లేదు. నేను నాలుగు రోజుల క్రితమే చూసుకున్నాను. బొందు ఒరుసుకుందనుకుని ఎవరికీ చెప్పలేదు. క్లినిక్‌లో ఎవరూ చూపించమనలేదు, నేనూ చూపించలేదు.

ఆ గంటలోనే గుంటూరు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ టార్చి వేసి ఒక్క క్షణం చూసి, "ఈమధ్య గడ్డిలో కూర్చున్నారా అమ్మా?" అంది. అమ్మ నోట మాట రాలేదు. నేనే తలూపాను.

స్క్రబ్ టైఫస్. చిగ్గర్ అనే పురుగు కుట్టడం వల్ల వస్తుంది, ఆ నల్ల పెచ్చు అది కుట్టిన చోటే. గడ్డిలో, పొదల్లో ఉంటుంది, కంటికి ఆనదు. కుట్టిన ఆరు నుంచి ఇరవై ఒక్క రోజుల లోపు జ్వరం. నాకు సరిగ్గా పదో రోజు. మనిషి నుంచి మనిషికి అంటదని విన్నాక గానీ బాబుని మంచం దగ్గరికి రానివ్వలేదు నేను. దీన్ని తెచ్చే సూక్ష్మజీవి మన కణాల లోపల దూరి బతుకుతుంది, అందుకే ఐదు రోజుల టైఫాయిడ్ ఇంజెక్షన్లు దాన్ని ఏమీ చేయలేకపోయాయి. ప్లేట్‌లెట్లు 62 వేలకి పడిపోయాయి, లివర్ దెబ్బతింది, ఊపిరితిత్తుల్లోకీ పాకింది. మందేమో ఎంతో పాతది, చవకది: డాక్సీసైక్లిన్. నా పరిస్థితి తీవ్రంగా ఉందని దాంతో పాటు అజిత్రోమైసిన్ కూడా నరానికే ఎక్కించారు. తీవ్రమైన కేసుల్లో ఒక్కదానికన్నా రెండూ కలిపితే మేలని మన దేశంలో జరిగిన పరిశోధనే 2023లో తేల్చిందని ఆవిడ ఓపిగ్గా మా ఆయనకి చెప్పింది. రక్తపరీక్ష ఫలితం కోసం ఆగలేదు, పెచ్చు చూసిన పూటే మొదలుపెట్టింది. ఆవిడకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

24 రాత్రి చెమటలు పట్టాయి. నైటీ, దుప్పటి అన్నీ తడిసిపోయాయి. రెండు గంటలకి లేచి మంచినీళ్ళు అడిగాను. తల నొప్పి లేదు. కింద చాప మీద అమ్మ కొత్త చీర మడత పెట్టిన సంచి తలకింద పెట్టుకుని పడుకుంది. క్రిస్మస్ పొద్దున నర్సులు ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి చిన్న గొంతుతో పాడారు. ఈసారి విన్నాను, మొత్తం విన్నాను.

27న ఇంటికి పంపారు. మాత్రలు నిటారుగా కూర్చుని గ్లాసు నిండా నీళ్ళతో మింగాలి, వెంటనే నడుం వాల్చకూడదు. పండగ చేసుకోకుండా మా వాళ్ళు అరిసెల డబ్బా నా కోసం మూసే ఉంచారు. అర ముక్క తినేసరికి అలసిపోయాను. మంచం నుంచి బాత్రూమ్ దాకా నడిస్తే మోకాళ్ళు వణికేవి. 31 రాత్రి ఆరాధనకి తమ్ముడు స్కూటర్ మీద దింపాడు. పాటలకి అందరూ లేచారు, నేను లేవలేకపోయాను. తిరుగు ప్రయాణం రెండు వారాలు వాయిదా పడింది. ఫిబ్రవరిలో లెస్టర్‌లో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది, వేసవికి మళ్ళీ వచ్చింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

నేను బయల్దేరే ముందు, తమ్ముడు చర్చి అయ్యగారితో మాట్లాడి సమాధుల దొడ్డి మొత్తం కొట్టించాడు. యువజన సంఘం పిల్లలు పదిహేను మంది బూట్లు వేసుకుని, ప్యాంట్లు మేజోళ్ళలోకి దోపుకుని, కొడవళ్ళతో దిగారు. అమ్మ నన్ను గేటు దాటనివ్వలేదు. ప్లాస్టిక్ కుర్చీ వేసి రోడ్డు మీదే కూర్చోబెట్టింది. అక్కడి నుంచే నాన్న సిలువ ఇప్పుడు మొదలు దాకా కనిపించింది.

ఇంటికి రాగానే అమ్మ గది తలుపేసి, టార్చి చేతిలోకి తీసుకుంది.

"గేటు బయటే ఉన్నాను కదమ్మా" అన్నాను.

"ఏదీ, ఇటు తిరుగు" అంది.

తిరిగాను.