లండన్‌లో నేల టికెట్టు

"కూర్చునే టికెట్లు అయిపోయాయమ్మా. నిలబడి చూసేవే మిగిలాయి. మీ ఇద్దరికీ ఓపికుంటుందా?" అని మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తకుండానే అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "నేల టికెట్టే కదా, తియ్యి" అన్నారు. రాజమండ్రిలో పెరిగిన మనిషికి నేల టికెట్టు ఒక లెక్కా! కాకపోతే మన నేల టికెట్టుకి కూర్చోనిస్తారు, అక్కడ ఆ భాగ్యం కూడా లేదని ఆయనకి ఇంకా తెలీదు.

వెళ్ళింది లండన్‌లోని గ్లోబ్ థియేటర్‌కి. నాటకం షేక్‌స్పియర్ రాసిన 'ది కామెడీ ఆఫ్ ఎర్రర్స్'. జూన్ నెల, సాయంత్రం ఏడున్నర ఆట. సెయింట్ పాల్స్ స్టేషన్లో దిగి, ఆ పెద్ద చర్చి పక్కనుంచి మిలీనియం బ్రిడ్జి మీదకి వచ్చాం. మా ఆయన వంతెన మధ్యలో ఆగి థేమ్స్‌ని ఇటు చూసి అటు చూసి "ఇంతేనా?" అన్నారు. గోదావరి ఒడ్డువాళ్ళతో ఇదే తంటా. ఏ దేశం తీసుకెళ్ళినా నదిని చూసి పెదవి విరుస్తారు.

అవతలి ఒడ్డున ఎడమచేతి వైపు తెల్లటి గోడలు, పైన రెల్లుకప్పు. చుట్టూ అద్దాల మేడలు, మధ్యలో పూరిల్లు! 1666లో లండన్ తగలబడిపోయాక ఆ ఊళ్ళో గడ్డికప్పులు నిషేధించారట. మళ్ళీ అనుమతి దొరికింది దీనికే. అసలు గ్లోబ్‌ని ఇక్కడికి కాస్త దూరంలోనే 1599లో కట్టారు. 1613లో నాటకం మధ్యలో ఫిరంగి పేలిస్తే నిప్పురవ్వ కప్పు మీద పడి మొత్తం బూడిదైంది. జనమంతా బయటపడ్డారు. ఒకాయన లాగుకి నిప్పంటుకుంటే సీసాలో ఉన్న బీరు పోసి ఆర్పారట. మరుసటేడే మళ్ళీ కట్టారు గానీ, 1642లో నాటకాలే వద్దని ప్రభుత్వం మూయించేసింది. తర్వాత అది నేలమట్టమైంది. 1949లో శామ్ వానమేకర్ అనే అమెరికన్ నటుడు గ్లోబ్‌ని చూద్దామని వెతుక్కుంటూ వస్తే, ఒక బీరు ఫ్యాక్టరీ గోడకి కొట్టిన ఫలకం తప్ప ఏమీ కనిపించలేదట. ఆ కడుపుమంటతోనే జీవితమంతా వెంటపడి దీన్ని కట్టించాడు. తలుపులు తెరుచుకున్నది 1997లో. ఆయన 1993లోనే పోయాడు.

లోపలికి వెళ్తే గుండ్రటి ప్రాకారంలా మూడంతస్తుల చెక్క బాల్కనీలు. వాటికీ, స్టేజీకీ కప్పుంది. మధ్యలో మేం నిలబడే నేలకి ఆకాశమే కప్పు. షేక్‌స్పియర్ కాలంలో ఇక్కడ నిలబడడానికి ఒక పెన్నీ. ఇంకో పెన్నీ ఇస్తే బాల్కనీ, మరోటి ఇస్తే కూర్చోవడానికి దిండు. నేల, బెంచీ, కుర్చీ! మన టూరింగ్ టాకీసుల లెక్కే. ఇప్పటికీ ఆ నేల మీద ఏడువందల మంది దాకా నిలబడి చూస్తారు.

మా ఆయన గోడవార చూసుకుని చల్లగా చతికిలబడ్డారు. రెండు నిమిషాల్లో ఒక పెద్దావిడ వచ్చి, ఎంతో మర్యాదగా, ఆట మొదలయ్యాక కూర్చోకూడదని చెప్పింది. లేస్తూ "మనూళ్ళో నేల టికెట్టు వాడికి కనీసం నేలైనా ఇచ్చేవాళ్ళే" అని గొణిగారు. చినుకులొస్తే గొడుగు తెరవడానికి కూడా లేదు, వెనకవాళ్ళకి అడ్డం. కావాలంటే పల్చటి ప్లాస్టిక్ తొడుగు కొనుక్కోవాలి. మేం కొనలేదు. తెల్లగా ఎండ కాస్తుంటే వానేమిటని అమ్మాయి ధీమా.

జనం ఇంకా పలచగా ఉండగానే ముందుకెళ్ళి స్టేజీకి ఆనుకున్నాం. స్టేజీ అంచు సరిగ్గా నా గడ్డం ఎత్తున ఉంది. అంత దగ్గర్నుంచి నేను జన్మలో నాటకం చూడలేదు. ఒక నటుడి జోడు నా ముక్కుకి జానెడు దూరంలో ఆగింది. మడమ దగ్గర తోలు అరిగి, తెల్లటి దారంతో కుట్టి ఉంది. అతను గట్టిగా మాట్లాడినప్పుడల్లా తుంపర్లు సాయంత్రపు వెలుగులో మెరుస్తూ రాలుతున్నాయి. కొన్ని నా కళ్ళజోడు మీద కూడా.

కథ తెలిసిందే. అంటిఫోలస్ అనే పేరుతో ఇద్దరు కవల యజమానులు, డ్రోమియో అనే పేరుతో ఇద్దరు కవల నౌకర్లు. చిన్నప్పుడే ఓడ బద్దలై తలో జంటా తలో ఊరు చేరారు. ఒక జంట రెండో జంట ఉన్న ఎఫెసస్‌కి వస్తుంది. ఇక సాయంత్రం దాకా ఎవరు ఎవరో తెలియక తన్నులే తన్నులు. మొదట్లో వాళ్ళ ముసలి తండ్రి ఈజియన్‌కి మరణశిక్ష వేస్తారు. వెయ్యి మార్కుల జరిమానా (మార్కంటే అప్పటి డబ్బు) కడితే గానీ పొద్దుగూకాక ప్రాణం దక్కదు. ఆయన నిలబడి సముద్రంలో తుఫాను ఎలా వచ్చిందో, ఓడ ఎలా విరిగిందో చెప్తున్నాడా, సరిగ్గా అప్పుడే టపటపా చినుకులు. ఆ నటుడు మాట ఆపి, అరచెయ్యి చాపి, పైకి చూసి, మా వంక చూసి "చెప్పానా?" అన్నట్టు తలూపాడు. థియేటరంతా గొల్లుమంది. ఆ తర్వాత ఆయన ఎంత విషాదం చెప్పినా ఎవరికీ ఏడుపు రాలేదు. తడుస్తున్నది మేము, పొడిగా ఉన్నది ఆయన!

నాకు ఈ నాటకం కాలేజీలో తెలుసు. తెలుసంటే, పరీక్ష కోసం కథాసారాంశం బట్టీ పట్టాను. ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. ఇక్కడ మా ఆయన, ఆ పాత ఇంగ్లీషు ముక్కా అర్థంకాని మనిషి, అందరికన్నా ముందు నవ్వుతున్నారు. డ్రోమియో తప్పు యజమాని దగ్గరికి వెళ్ళి, భోజనానికి రమ్మని పిలిచి, తన్నులు తిని, తల పట్టుకుని తిరిగొస్తాడు. దెబ్బ పడేలోపే ఈయన నవ్వు వినిపిస్తోంది. ఒకప్పుడు బ్యాంకు రిక్రియేషన్ క్లబ్బులో హరిశ్చంద్ర ఆడినప్పుడు ఈయన నక్షత్రకుడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మెడ తిప్పాలో తెలుసు. "చూడు, చూడు, ఇప్పుడు వెనక్కి తిరుగుతాడు" అని నా భుజం పొడుస్తూనే ఉన్నారు.

కవలలు అన్నారే గానీ ఆ డ్రోమియోలిద్దరికీ పోలికే లేదు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. బట్టలు మాత్రం ఒకటే. సినిమాలో అయితే ఒకే హీరోని కెమెరాతో ఇద్దరిని చేస్తారు, మనం ఆశ్చర్యపోతాం. ఇక్కడ ఆ మాయ లేదు. ఇద్దరూ ఒకలాగే ఉన్నారని మనం ఒప్పేసుకుంటాం, స్టేజీ మీదవాళ్ళకే తెలీదని నవ్వుకుంటాం. నాకైతే ఇదే ఎక్కువ మజాగా అనిపించింది.

వంటమనిషి నెల్ గురించి డ్రోమియో చెప్పే ముక్క ఒకటుంది. ఆవిడ గుండ్రంగా భూగోళంలా ఉంటుందని, ఒంట్లో ఏ భాగంలో ఏ దేశముందో వెతుకుతాడు. గ్లోబ్‌లో నిలబడి ఆ మాట అంటుంటే జనం ఊగిపోయారు. నేనూ నవ్వాను గానీ, మోటు హాస్యమే. లావుగా ఉన్న ఆడమనిషి మీద జోకు నాలుగు వందల ఏళ్ళ కిందటా చెల్లింది, ఇప్పటికీ మన టీవీల్లో చెల్లుతూనే ఉంది.

చీకటి పడని వేసవి కాబట్టి మా మొహాలన్నీ నటులకి కనిపిస్తూనే ఉన్నాయి. మామూలు హాల్లో లైట్లార్పేస్తే మనం చీకట్లో దాక్కుంటాం. ఇక్కడ దాక్కోవడానికి లేదు. భర్త తన మాట వినట్లేదని ఎఫెసస్ అంటిఫోలస్ పెళ్ళాం ఆడ్రియానా వాపోతూ వాపోతూ తిన్నగా మా ఆయన వైపు వేలు చూపించింది. ఈయన సిగ్గుపడి నా వెనక్కి జరిగారు. ఇంకో చోట తలమీద నుంచి హెలికాప్టర్ పోతే, అది వెళ్ళేదాకా నటులందరూ బొమ్మల్లా ఆగి, మళ్ళీ అందుకున్నారు. దానికీ చప్పట్లే.

మధ్యలో ఒక సంగతి గుర్తొచ్చి ఒళ్ళు ఝల్లుమంది. ఇదే నాటకాన్ని కందుకూరి వీరేశలింగంగారు 'చమత్కార రత్నావళి' అని తెలుగు చేసి, 1880లో మా రాజమండ్రిలోనే విద్యార్థుల చేత ఆడించారు. అదీ ధార్వాడ నాటక సమాజంవాళ్ళు వదిలి వెళ్ళిన పాకలో. వితంతు వివాహాల కోసం ఊరందరితో తగువు పెట్టుకున్న మనిషి, కూర్చుని ఈ తన్నుల హాస్యాన్ని తెలుగు చేస్తుంటే ఆయన మొహం ఎలా ఉండుంటుందా అని ఆలోచించాను. మా ఆయన చెవిలో ఈ మాట వేస్తే "ఆఁ ఆఁ, తర్వాత" అన్నారు. స్టేజీ మీద తలుపు సీను నడుస్తోంది మరి. ఇంటి యజమాని బయట, లోపల వేరే అంటిఫోలస్. తలుపుకి అటొక డ్రోమియో ఇటొక డ్రోమియో, ఒకరి మొహం ఒకరు చూడకుండా తిట్టుకుంటున్నారు.

చివర అందరూ కలుస్తారు, ముసలాయన బతుకుతాడు. ఎవరికి ఎవరు దొరికారో లెక్క తేలాక, ఇద్దరు డ్రోమియోలు మాత్రం మిగులుతారు. ముందు లోపలికి ఎవరు వెళ్ళాలి? నువ్వు పెద్దా నేను పెద్దా? తేలక, చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళిపోతారు. ఆ తర్వాత నటులందరూ వచ్చి గెంతులేస్తూ డాన్సు చేశారు. గ్లోబ్‌లో అదొక ఆచారం.

బయటికొచ్చేసరికి నా కాళ్ళు నావి కావు. మా ఆయన మోకాళ్ళయితే మెట్టు మెట్టుకీ పేరు పెట్టి పిలుస్తున్నాయి. చీర అంచు తడిసి బరువెక్కింది. రైలు కిటకిటలాడుతోంది, ఒక్క సీటు ఖాళీ. "నువ్వు కూర్చో" అన్నారాయన. "మీ మోకాళ్ళండీ, మీరే కూర్చోండి" అన్నాను. "పొద్దున్నించీ వంటింట్లో నిలబడ్డావు" అన్నారు. "మీకన్నా నాలుగేళ్ళు చిన్నదాన్ని" అన్నాను. ఇంతలో తర్వాతి స్టేషను వచ్చింది. చెవుల్లో పాటలు పెట్టుకున్న కుర్రాడొకడు ఎక్కి, తిన్నగా వచ్చి అందులో కూర్చున్నాడు.