ఓడ కాదు, ఓడ కూత

మ్యూనిక్‌లో బడి వదిలాక పిల్లలు గడిపే కేంద్రంలో బొమ్మలు నేర్పడం నా ఉద్యోగం. వాళ్లను లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియానికి తీసుకెళ్లినప్పుడల్లా, 1957లో చిత్రకారిణి గాబ్రియేల్ ముంటర్ అక్కడికి ఇచ్చేసిన, రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ చిత్రాల ముందు ఎక్కువసేపు నిలబెడతాను. ఆ ఊళ్లోనే ఒక సాయంత్రం మసక వెలుతురులో ఇంటికి వచ్చిన కాండిన్‌స్కీ, గోడకు ఆనించి ఉన్న ఓ చిత్రాన్ని చూసి ముగ్ధులయ్యారు. అందులో ఏముందో పోల్చుకోలేకపోయారు. తీరా చూస్తే అది ఆయన వేసినదే, పక్కకు తిరిగి ఉంది. ఈ సంగతి చెప్పగానే పిల్లలంతా తమ కాగితాలు తిప్పి చూసుకుంటారు.

సెలవులకు విశాఖ వచ్చినప్పుడు వన్‌టౌన్‌లో అక్కావాళ్ల డాబా మీద ఇదే నేర్పుతాను: ఏ వస్తువునూ పోలని, రంగులూ గీతలే ఉండే నైరూప్య చిత్రం. ఇక్కడి పిల్లలవి పోటీలకు తయారైన చేతులు. కాగితం ఇస్తే చాలు, రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు. ఎదురుగా యారాడ కొండ ఉన్నా, గీసేది మాత్రం ఎవరో నేర్పిన కొండనే.

పోర్టు వైపు నుంచి ఓడ కూత వినిపించగానే "దాన్ని గీయండి" అంటాను. అందరూ ఓడ గీస్తారు. "ఓడ వద్దు, కూత కావాలి. ఎంత బరువుగా ఉంది? ఎక్కడ సన్నబడింది?" అంటే ఆలోచనలో పడతారు. అక్క కూతురు వెడల్పు బ్రష్షును నల్లరంగులో ముంచి కాగితం పైభాగాన ఈ చివర నుంచి ఆ చివరికి లాగింది. రంగు తరిగేకొద్దీ గీత వెలిసి, కొసన వెంట్రుకల్లా చీలింది. "పిన్నీ, పైన బరువెక్కువైంది" అంటూ తనే తలకిందులు చేసింది. ఖాళీలో పసుపు చుక్క పెట్టి "ఇప్పుడు నిలబడింది" అంది. ఎంత సంతోషం వేసిందో!

చెట్టును కుదించుకుంటూ పోతే వచ్చే నైరూప్యం వేరు. మేం వేసే ఈ రకంలో అసలు చెట్టే ఉండదు. 1915లో మలేవిచ్ అనే చిత్రకారుడు ప్రదర్శించిన నల్ల చతురస్రం కిటికీ కాదు, పలక కాదు. మెలికల ముగ్గును చూసి ఇదేం బొమ్మ అని మనం అడుగుతామా?

కానీ అక్క అడిగింది, "ఇది పామా?" అని. మర్నాటికి ఆ గీతకు రెండు కళ్లు, నాలుక వచ్చాయి. నాకు చాలా బాధేసింది. మ్యూనిక్ తల్లిదండ్రులూ ఇదే ప్రశ్న అడుగుతారు. ఎక్కడ మొదలుపెట్టావు, ఈ పసుపు ఇక్కడే ఎందుకు అని అడగమని అక్కడా ఇక్కడా చెబుతున్నాను. వచ్చే ఆదివారం డాబా మీద తల్లులకూ బ్రష్షులు ఇస్తాను. కూత వాళ్లనూ గీయమంటాను.